గ్రీనిచ్ గంట

మా అక్క కంటే నేను నాలుగేళ్లు చిన్నదాన్ని. పుట్టినప్పటి లెక్క అది. ఇప్పుడు దానికంటే నేనే నాలుగేళ్లు పెద్ద. ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. లండన్‌లో సొంత ఇల్లు కొనుక్కోవాలని నేను పడ్డ ఆశ ఉంది, అక్క చేసిన ఒక పెట్టె ఉంది.

అక్క పేరు వసుంధర. చిలకలూరిపేట బళ్లో చదువు మొదలుపెట్టి, ఆ చదువును ఎక్కడా ఆపకుండా పోయి లండన్‌లో ఒక యూనివర్సిటీ ప్రయోగశాలలో తేలింది. నేను కోటేశ్వరిని. డిగ్రీ తప్పాను, కుట్టు నేర్చుకున్నాను, అంకమ్మరావును చేసుకుని ఆయన వెనకాలే లండన్‌లోని ఈస్ట్‌హామ్ వచ్చాను. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు. మాకు ఒక్కతే కూతురు, చేతన.

ఆ పెట్టె మొదట్లో ఫ్రిజ్ అంత ఉండేది. ఒళ్లు కాలిన మనిషికి వేసే చర్మాన్ని గాజుపళ్లెంలో పెంచడానికి వారాలు పడుతుంది, ఆలోపు మనిషే పోతాడు. ఆ చర్మాన్ని ఒక్క పూటలో పెంచాలని అక్క ఆరాటం. పెట్టె లోపల కాలం తొందరగా నడుస్తుందని దాని లెక్కలు చెప్పాయి, లోపల పెట్టిన గడియారాలూ చెప్పాయి. బయట ఒక గంట గడిస్తే లోపల ఎనిమిది. ప్రాణమున్నది ఏదైనా లోపల ఆ ఎనిమిది గంటలూ బతుకుతుందా అన్నది మాత్రం ఎవరూ చూడలేదు. దానికి అనుమతులు రావాలి, కమిటీలు కూర్చోవాలి.

కమిటీ కంటే ముందు ఇడ్లీ పిండి కూర్చుంది. జనవరి చలికి లండన్‌లో పిండి చచ్చినా పులవదు. ఆదివారం మా ఇంటికి ఇడ్లీ పిండి తెస్తానని అక్క మాటిచ్చింది. పొద్దున్నే రుబ్బిన పిండి గిన్నెను చేత్తో పట్టుకుని ప్రయోగశాలకి పోయి, అక్కడ వెచ్చగా ఉండే చోటేదా అని చూసి, పెట్టెలో పెట్టి తలుపేసింది. గంట తర్వాత తీస్తే పిండి పొంగి గిన్నె దాటి అరలోకి కారిపోయింది. వెంటనే నాకు ఫోన్ చేసింది.

"కోటీ, పిండి పులిసిందే" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"పులిస్తే మంచిదేగా, పట్రా" అన్నాను.

ఆ ఇడ్లీలు మేం తిన్నాం. పులుపు ఎక్కువైందని మా ఆయన కారప్పొడి రెండుసార్లు వేసుకున్నాడు. అక్క ఒక్కటి కూడా తినకుండా వాటి వంకే చూస్తూ కూర్చుంది.

పెట్టె రెండేళ్లలో గది అంత అయింది. యూనివర్సిటీ దాని హక్కులు అమ్మేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అక్క బుర్రలో పుట్టినదాన్ని ఎవరెవరో సంతకాలు పెట్టి ఎవరెవరికో ఇచ్చారు. కాలిన ఒళ్లకి చర్మం పెంచే ఆస్పత్రి ఒక్కటే ఒక గది కొంది. మిగిలినవన్నీ కంపెనీలు కొన్నాయి. వాటికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు నోరు తిరగదు. ఈస్ట్‌హామ్ తెలుగువాళ్లం గంటగది అన్నాం, ఆ పేరే మిగిలింది.

అప్పటికి మేం గోడకి గోడ ఆనుకున్న ఒక వరస ఇంట్లో మేడమీది గదిలో అద్దెకి ఉంటున్నాం. మొత్తం ఇంట్లో నాలుగు కుటుంబాలు, ఒకటే వంటిల్లు. పొద్దున నా వంతు ఆరున్నరకి. ఆ వంతు దాటితే పొయ్యి పక్కగది ఆవిడది, చేతనకి ఆ రోజు అన్నం డబ్బా లేనట్టే. కింది గదిలో ఇద్దరు కుర్రాళ్లు ఒకే మంచం వాడుకునేవాళ్లు, ఒకడు రాత్రి పడుకుంటే ఒకడు పగలు. చేతన నా కుట్టుమిషన్ బల్లమీద హోంవర్క్ చేసుకునేది. నేను కుట్టాలంటే దాని పుస్తకాలు తీయాలి, అది రాయాలంటే నా గుడ్డలు తీయాలి.

రెండో బిడ్డ కావాలని మా ఇద్దరికీ ఉండేది. కానీ ఉయ్యాల ఎక్కడ వేస్తాం? సొంత ఇల్లు కొన్నాక కందామని అనుకున్నాం. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు, చేతనకి ఐదు.

సాయంత్రం టీవీ పెడితే ఇళ్ల గొడవే. ఒకాయన ఇళ్లు కట్టడం లేదంటాడు. ఒకావిడ బయటి దేశాల వాళ్లు ఎక్కువయ్యారని మా గదిలోకే చూస్తున్నట్టు చెబుతుంది. ధరలు పెరిగాయి కాబట్టి కూలి పెంచమని ఒకరు, కూలి పెంచితే ధరలు ఇంకా పెరుగుతాయని ఒకరు. విత్తు ముందా చెట్టు ముందా అన్న తగువు అది. వాళ్లందరికీ సొంత ఇళ్లున్నాయని మా ఆయన గట్టి నమ్మకం.

అలాంటి రోజుల్లో నేను పనిచేసే కుట్టు కంపెనీ గంటగది పెట్టింది. ఆస్పత్రి నర్సుల యూనిఫారాలు కుట్టాలి. లోపల ఎనిమిది గంటలు కుడితే ఎనిమిది గంటల కూలీ ఇస్తారు, బయటికి వచ్చేసరికి గంటే అయి ఉంటుంది. వినగానే నేను పేరిచ్చి వచ్చాను. ఆ సంగతి తెలిసి అక్క పరిగెత్తుకుంటూ వచ్చింది.

"వద్దే కోటీ. లోపల గడిపే ప్రతి గంటా నీ ఒంట్లోంచే పోతుంది."

"బయట గడిపే గంట ఎవరి ఒంట్లోంచి పోతుందక్కా?"

"అది కాదే నేను చెప్పేది..."

"నువ్వు చెప్పేది నాకు అర్థమైంది. అద్దె ఇంట్లో అరవై ఏళ్లు బతికేకంటే సొంత ఇంట్లో నలభై బతికినా చాలు నాకు. నువ్వు చేసిన గదేగా, భయమెందుకు?"

ఆ చివరి మాట దానికి తగిలింది. మొదటిరోజు నేను పనికి వెళ్లేముందు నన్ను ప్రయోగశాలకి లాక్కుపోయి ఎముకలు ఫోటో తీసింది, రక్తం తీసింది, కళ్లలోకి లైటు వేసి చూసింది. "ఆర్నెల్లకోసారి రావాలి. ఇది నీకూ నాకూ మధ్యే" అంది. సరేనన్నాను. దాని మనశ్శాంతి కోసమేలే అనుకున్నాను.

గదిలో ముప్ఫై మిషన్లు. కిటికీల్లేవు. తలుపుకి మాత్రం ఒక గాజు అద్దం. అద్దంలోంచి చూస్తే బయట కాపలా మనిషి టీ కప్పు ఎత్తుతూ కనిపిస్తాడు. ఆ కప్పు బల్లమీంచి అతని నోటిదాకా చేరేలోగా నేను ఒక కాలరు తిరగేసి కుట్టేసేదాన్ని. లోపల మా ఫోన్లకి సిగ్నల్ రాదు. మేం తెచ్చుకున్న అన్నం తిని, కబుర్లు చెప్పుకుని, నడుం పట్టేసి బయటికి వస్తే పొద్దున వదిలిన ఎండ అక్కడే ఉండేది.

రోజుకి రెండుసార్లు లోపలికి వెళ్లేదాన్ని. నిద్రకి కూడా గంటగదులు అద్దెకిచ్చేవాళ్లు వచ్చారు, గంటలో ఒక రాత్రి నిద్ర అయిపోయేది. ఇవన్నీ పోగా పగలంతా నాదే. చేతనని బడినుంచి తెచ్చుకునేదాన్ని, వండేదాన్ని, పార్కుకి తీసుకుపోయేదాన్ని. దేవుడు రోజుకి రెండు రోజులిచ్చాడని మురిసిపోయాను. అబద్ధమెందుకు, ఆ మొదటి ఏడాదిలో నా అంత సంతోషంగా ఈస్ట్‌హామ్‌లో ఎవరూ లేరు.

కూడబెట్టినదంతా పట్టుకుని ఇల్లు చూడ్డానికి పోయాం. మాలాగే కూడబెట్టుకున్నవాళ్లు ఆ ఇంటిముందు అప్పటికే బారులు తీరి ఉన్నారు. కుట్టేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, మందుల సీసాలకి చీటీలు అంటించేవాళ్లు, అందరూ గంటగదుల్లోంచి వచ్చినవాళ్లే. ఒకరు చెప్పిన ధరమీద ఒకరు పెంచుకుంటూ పోయారు. మా వంతు వచ్చేసరికి అది మాకు అందే ఇల్లు కాకుండా పోయింది. తర్వాతి ఇల్లూ అంతే, ఆ తర్వాతిదీ అంతే. ఇళ్లవాళ్లు అద్దెలు కూడా పెంచారు, జనం చేతిలో డబ్బు ఆడుతోంది కదా అని.

ఇంటికి తిరిగొస్తూ మా ఆయన అన్నాడు. "మీ అక్క కాలాన్నయితే ఎనిమిదింతలు చేసింది. నేలని ఎవరు చేస్తారు కోటీ?"

ఆ తర్వాత కంపెనీ మాట మార్చింది. మేనేజరు మమ్మల్ని నిలబెట్టి చాలా మర్యాదగా చెప్పాడు. ఈ దేశంలో గంట అంటే చట్టం ప్రకారం గ్రీనిచ్ గంట, బయట గోడ గడియారం చూపించేదే. మీరు తొమ్మిదికి లోపలికెళ్లి పదికి బయటికొచ్చారు. చట్టం ప్రకారం మీకు ఒక గంట కూలీ ఇస్తే చాలు, అయినా మేం దయతలచి రెండు గంటలది ఇస్తాం. బయటి పనుల్లోనూ కూలీ పడిపోయింది, గంటగదులతో పోటీ పడలేక. మానేసి ఎక్కడికి పోతాం? నిద్రగదుల వాళ్లు మాత్రం అద్దె లోపలి గంటల లెక్కనే తీసుకున్నారు. మీరు ఎనిమిది గంటలు పడుకున్నారుగా అన్నారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే మాకు జరిగింది.

అలా పదేళ్లు గడిచాయి. పదేళ్లని మీరంటారు. నా మోకాళ్లు పద్దెనిమిది అంటాయి.

మొదట కళ్లజోడు వచ్చింది. తర్వాత జుట్టు. ఒకరోజు నా నెలసరి ఆగింది. కడుపేమోనని ఆశపడి డాక్టరు దగ్గరికి పోయాను. కాదు, ఇక రాదు అని చెప్పింది ఆవిడ. బయట లెక్కలో నాకు నలభై కూడా నిండలేదు. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన చేతన స్వెటర్ మడతపెడుతూ ఉన్నాడు. మడతపెట్టినదాన్నే విప్పి మళ్లీ మడతపెట్టాడు. అక్కకి నేను చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆ ఏడాదే మాకు ఇల్లు కుదిరింది. పక్కనున్న బార్కింగ్‌లో మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. ఆ వంటింట్లో ఎప్పుడైనా వండుకోవచ్చు. చేతన గది గోడకి ఏ రంగు వెయ్యాలో నిర్ణయించేసుకుంది. బ్యాంకు అప్పిస్తానంది. భార్యాభర్తల్లో పెద్దవాళ్లకి డెబ్బై ఏళ్లు వచ్చేలోగా అప్పు తీరిపోవాలని వాళ్ల నియమం. మా ఆయనకి నలభై రెండు, కాబట్టి ఇరవై ఎనిమిదేళ్ల గడువు. ఆ గడువులో నెలనెలా కట్టేది మాకు కష్టంగానైనా అందుతుంది. సంతకాలకి ఇంకా నెల ఉంది.

సరిగ్గా ఆ నెలలోనే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం కూర్చుంది. గొడవలు, సమ్మెలు అయ్యాక వేశారు దాన్ని. కూలి చట్టంలో గంట అంటే ఎవరి గంట అన్నది వాళ్లు తేల్చాలి. లోపల మనిషి నిజంగా ఎనిమిది గంటలు బతుకుతున్నట్టు రుజువేదని కంపెనీల లాయర్లు అడుగుతున్నారు. గడియారం తొందరగా తిరిగినంత మాత్రాన మనిషి తిరిగినట్టా అని. అక్కని నిపుణురాలిగా పిలిచారు.

ఆ ఆదివారం అక్క వచ్చింది. పప్పు వడ్డించినా ముట్టలేదు.

"ఎలకల మీద చేసిన కొలతలున్నాయి. మనుషుల కొలతలు లేవని కొట్టేస్తారు. పనిలోకి పోకముందు ఒళ్లెలా ఉందో ఎవరిదీ ఎవరూ చూసుకోలేదు" అంది.

"నాది నువ్వు చూశావుగా" అన్నాను.

"నీ ఒక్కదానిదే ఉంది దేశం మొత్తం మీద. నేను చెప్పను."

"ఏం?"

"అది బయటపడితే నీ వయసు నలభై ఎనిమిదని అందరికీ తెలుస్తుంది. బ్యాంకుకీ తెలుస్తుంది. ఇంట్లో పెద్దదానివి నువ్వవుతావు. గడువు ఇరవై రెండేళ్లకి తగ్గిపోతుంది. కట్టగలరా?"

కట్టలేం. అది లెక్క వేయకుండానే తెలుసు.

"నేను చేసిన పాపం ఇప్పటికి చాలు. నీ ఇల్లు కూడా నా చేత్తో తీయను" అంది అక్క.

"తిలాపాపం తలా పిడికెడు అక్కా. అంతా నీ నెత్తినే వేసుకోకు."

అది వెళ్లాక, పక్కనే కూర్చుని అంతా విన్న మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "ఇల్లు నువ్వు సంపాదించిందే. ఉంచుకోవాలో వదులుకోవాలో నువ్వే చెప్పాలి. నేనేదీ అనను." కాసేపాగి, "నాకంటే ఆరేళ్లు పెద్దదాన్ని కట్టుకున్నానని తెలిస్తే మా అమ్మ ఊరుకునేదా?" అన్నాడు. నన్ను నవ్వించాలని అన్నాడు. నవ్వాను.

ఇల్లు వదులుకోకూడదనే అనుకున్నాను. ఇదంతా చెబుతూ నేనేదో త్యాగమూర్తినని అనిపించుకోవడం నాకిష్టం లేదు. ఎవరి గంట వాళ్లు చూసుకుంటారు, నా ఇల్లు నాకు దక్కాలి అనుకుని సోమవారం పనికి పోయాను.

నా పక్క మిషన్ మీద ఫౌజియా అనే పిల్ల కొత్తగా చేరింది. పాతికేళ్లుంటాయి. అన్నాలప్పుడు ఫోన్‌లో వాళ్ల బాబు బొమ్మ చూపించింది. ముద్దుగా ఉన్నాడు, తోడు ఒకరుంటే బాగుంటుంది అన్నాను, మాటవరసకి.

"ఇల్లు కొన్నాక కంటామక్కా" అంది.

నేను మళ్లీ మిషన్ దగ్గర కూర్చున్నాను. దారం సూదిలోకి ఎక్కించలేకపోయాను. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను, అయినా ఎక్కలేదు. ఫౌజియాయే ఎక్కించి ఇచ్చింది.

విచారణ రోజు అక్క నన్ను రావద్దంది. నేను పోయి వెనక వరసలో కూర్చున్నాను. పెద్ద హాలు, నిండా జనం, కెమెరాలు. మధ్యలో అధ్యక్షురాలు, తెల్లజుట్టు ఆవిడ, ఎవరు మాట్లాడినా రాసుకుంటూ ఉంది. కంపెనీల తరపున ప్రెస్కాట్ అనే లాయరు లేచాడు. గొంతు చాలా మెత్తన.

"డాక్టర్ వసుంధర గారూ, ఎలకల సంగతి విన్నాం. ఎలకలు కూలికి పోవు. గంటగదిలో పనిచేసిన మనిషిమీద, పనికి ముందూ తర్వాతా తీసిన కొలతలు మీ దగ్గరున్నాయా?"

అక్క ప్రమాణం చేసి నిలబడి ఉంది. మా అక్కకి అబద్ధం చెప్పడం రాదు. చిన్నప్పుడు నేను దొంగతనంగా బెల్లం తింటే అదే పట్టిచ్చేది.

"ఉన్నాయి" అంది చివరికి. "ఆ మనిషి ఒప్పుకోకుండా చూపించలేను."

"అంటే, లేవనే మేం అనుకోవాలా?"

నేను లేచి నిలబడ్డాను. "ఆ మనిషిని నేనే" అన్నాను. "చూపించక్కా."

అక్క తల అడ్డంగా ఊపింది. నేను ముందుకి నడిచాను. నన్ను కూర్చోబెట్టి ప్రమాణం చేయించారు. అక్క తెచ్చిన కంప్యూటర్లోంచి నా ఎముకలు గోడమీద పడ్డాయి, మొదటి రోజువీ, మొన్నటివీ, మధ్యలోవీ. ప్రెస్కాట్ వాటి వంక చాలాసేపు చూశాడు.

"అమ్మా, మీ పాస్‌పోర్టులో మీ వయసు నలభై. ఈ బొమ్మలు నలభై ఎనిమిదంటున్నాయి. ఒక మనిషికి రెండు వయసులుంటాయా? ఏది నిజం?"

"మా ఊళ్లో అందరికీ రెండు వయసులే సార్" అన్నాను. "బళ్లో వేసేటప్పుడు మాస్టారు రాసేది ఒకటి, అమ్మకి గుర్తున్నది ఒకటి. ఉద్యోగానికి మాస్టారి వయసు చెబుతారు, పెళ్లికి అమ్మ వయసు చెబుతారు. నాకు మాత్రం రెండూ ఒకటే. మా మాస్టారు బద్ధకస్తుడు, అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాడు."

జనం నవ్వారు. అధ్యక్షురాలు కూడా నవ్వింది.

"అలా రెండు వయసులు వాడుకోవడం తప్పే. కానీ ఒకే మనిషికి ఒక లెక్కన ఇచ్చి, ఇంకో లెక్కన వసూలు చేయడం మా ఊళ్లో చూడలేదు సార్. నాకు కూలి ఇచ్చేటప్పుడు గంట అయింది అన్నారు. నిద్రగది అద్దె తీసుకునేటప్పుడు ఎనిమిది అయింది అన్నారు. ఏది నిజమని మీరు నన్ను అడుగుతున్నారు. నేనూ ఏళ్ల తరబడి అదే అడుగుతున్నాను."

ప్రెస్కాట్ మెత్తగానే అన్నాడు. "కష్టపడ్డ మనిషి ఒళ్లు పెద్దదిగా కనిపించడం మామూలే కదా. గదివల్లే అని ఎలా అనగలరు?"

అప్పుడు అధ్యక్షురాలు కలం కింద పెట్టి నన్ను సూటిగా అడిగింది. "లోపల గడిచింది నిజమైన కాలమేనని మీకు ఎప్పుడు తెలిసింది?"

చెప్పాలని నేను అనుకుని రాలేదు. అక్క అక్కడ ఉందని కూడా ఆ క్షణంలో మర్చిపోయాను.

"నాకు ఇంకో బిడ్డ కావాలమ్మా. ఇల్లు కొన్నాక కందామని ఆగాం. ఆ ఇంటికోసమే గదిలోకి పోయాను. ముప్ఫై తొమ్మిదేళ్లకే నెలసరి ఆగిపోయింది. నా కడుపు గ్రీనిచ్‌ని చూసి ఆగలేదు. లోపలి గంటల్నే లెక్కపెట్టుకుంది."

ఇంగ్లీషులో తడబడుతూ చెప్పాను. తప్పులు చెప్పి ఉంటాను. ప్రెస్కాట్ కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. నేను దిగి వస్తుంటే అక్క ముఖం చూశాను. రక్తమంతా ఎవరో తోడేసినట్టుంది. దానికి ఈ సంగతి అక్కడే, అందరితో పాటు తెలిసింది.

మర్నాడే బ్యాంకునుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. టీవీలో నన్ను చూసిందట, చాలా బాగా మాట్లాడానట. తర్వాత గొంతు తగ్గించి, క్షమించండి, గడువు ఇరవై రెండేళ్లకి మించి ఇవ్వలేం అంది. పాపం ఆ అమ్మాయి అద్దెకే ఉంటుందేమో. బార్కింగ్ ఇల్లు వారంలో వేరేవాళ్లకి పోయింది. చేతన రంగుల కాగితాలు చెత్తబుట్టలో వేసి, నా పక్కన వచ్చి పడుకుంది. పదిహేనేళ్ల పిల్ల, కాళ్లు ముడుచుకుని.

తీర్పు వచ్చింది. పనిచేసిన మనిషి బతికిన గంటే గంట అన్నారు. ఆ రోజునుంచే అమలు, పాత కూలీలు మాత్రం ఇప్పించలేదు. లోపలి గంటకి పూర్తి కూలి ఇవ్వాలనేసరికి కంపెనీలకి గదులతో పని లేకపోయింది, ఒక్కొక్కటే మూసేశాయి. ఫౌజియా బయటే కుడుతోంది ఇప్పుడు. ఇళ్ల ధరలు కాస్త తగ్గాయి, మాకు అందేంత కాదు. టీవీలో అదే ఒకాయన, అదే ఒకావిడ, ఇళ్ల గొడవ సాగుతూనే ఉంది. ఆస్పత్రిలో ఉన్న గది మాత్రం ఉంచారు. అక్కడ చర్మం పెరుగుతోంది.

విచారణ తర్వాత అక్క మా ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే పనుందనేది. ఒక శనివారం మధ్యాహ్నం నేనే ప్రయోగశాలకి పోయాను. యూనివర్సిటీ అక్కడున్న మొదటి గదిని సోమవారం విప్పేయబోతోందని విన్నాను. గది తలుపు తీసి ఉంది. లోపల ఒక మడతమంచం, బియ్యం సంచులు, నీళ్ల డబ్బాలు, డబ్బాల్లో తిండి గోడ ఎత్తున, పుస్తకాలు. అక్క కూర్చుని దుప్పటి మడతపెడుతోంది.

"ఏంటక్కా ఇదంతా?"

"విప్పడం ఏడాది ఆపించాను. ఒక్క ఏడాది" అంది నా వంక చూడకుండా. "బయట ఏడాది, నాకు ఎనిమిదేళ్లు. అప్పుడు నేను మళ్లీ నీకంటే పెద్దదాన్నవుతాను."

నాకు కోపం వచ్చింది.

"పిచ్చి పట్టిందా నీకు?"

"నీకంటే ముందు నేను పోవాలే కోటీ. అది నా వంతు. అమ్మ నిన్ను నా చేతిలో పెట్టి పోయింది. నిన్ను నా ముందు సాగనంపి నేను బతకలేను." ఏడుస్తోంది. నేను పెద్దయ్యాక అది ఏడవగా చూడటం అదే మొదలు. "బిడ్డ సంగతి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు ఇలాంటి పనే చేస్తావని."

పక్కన కూర్చున్నాను. ఆ మడతమంచం ఇద్దరికీ కిర్రుమంది.

"అక్కా, నువ్వు ఎనిమిదేళ్లు ఇందులో పోస్తే నా ఎనిమిదేళ్లు తిరిగి రావు. మన ఇంట్లో పదహారు పోతాయి, అంతే. నేను తొందరగా ముసలిదాన్నవుతాను, అది అయిపోయింది. నాకు నడుం వంగినప్పుడు పట్టుకోవడానికి చిన్నవాళ్లు ఒకరుండాలి. చేతన పురిటికి ఎవరు పోతారు? నువ్వు నెమ్మదిగా ముసలిదానివి కా. అది నాకోసం చెయ్యి."

అక్క లేచి గదికి కరెంటిచ్చే మీటని కిందికి లాగింది. నేను బియ్యం సంచి ఎత్తబోతే లాక్కుని అదే మోసింది. సోమవారమే విప్పెయ్యమని చెబుతాను, మిగిలినవి అప్పుడు ఎవరైనా తీసుకుంటారులే అంది.

బస్సులో ఒక్క సీటే ఖాళీగా ఉంది. అక్క నా భుజం పట్టి కూర్చోబెట్టి, తను కడ్డీ పట్టుకుని నిలబడింది. సంచి దాని కాళ్ల దగ్గర ఉంది. ఫోన్‌లో తీర్పు ఉందా అని అడిగాను. ఉందంది. అందులో నా గురించి రాసిన ముక్క తెలుగులో చెప్పమన్నాను, లాయర్ల ఇంగ్లీషు నాకు సరిగ్గా ఎక్కదు. అక్క వంగి, పక్కవాళ్లకి వినబడకుండా చెప్పింది.

"సాక్షి గదిలో గడిపిన ఎనిమిదేళ్లూ ఆమె జీవితంలోని నిజమైన సంవత్సరాలేనని, అవి పూర్తిగా ఆమెవేనని ఈ సంఘం గుర్తిస్తోంది."

"ఇంకోసారి చెప్పు" అన్నాను.

ఇంకోసారి చెప్పింది. ఈ దేశంలో నా పేరున రాసి ఉన్నది అదొక్కటే.